చల్లగాలి సీటు

“రోడ్డు మీద పోని కారుకి, రోడ్డు మీద పోయే కారు ఇంకొకటి. రెండింటికీ మధ్యన ఇంకేందో అంటివే?”

“ట్రైలర్, నాయనా.”

“ఏ సినిమాది?”

అనంతపురంలో మూడు తరాలుగా బట్టల అంగడి నడుపుతున్న జయరామయ్య తన మాటకు తనే నవ్వుకున్నాడు. కొడుకు కార్తికేయ నవ్వలేదు.

కార్తికేయకు ఒక రేసు కారు ఉంది. దానికి నంబరు ప్లేటు లేదు, లైట్లు లేవు, ఏసీ లేదు. ఉన్నది ఒకటే సీటు, అదీ ఇనప తొట్టిలా ఉంటుంది. రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. బెంగళూరు అవతలున్న ట్రాక్ దాకా దాన్ని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఇన్నాళ్లూ అద్దె లారీ మోసింది. ఇప్పుడు సొంతంగా లాగే బండి, దాని వెనక ట్రైలర్ కావాలట.

“చారాణా కోడికి బారాణా మసాలా,” అన్నాడు జయరామయ్య. “సరే, దుడ్లిస్తా. ఈ ఒక్క రేసు చూస్తా. మొదటి ముగ్గుర్లో రాకుంటే మూడు బండ్లూ పాతసామాన్ల గుజిరీకి పోతాయి. నువ్వొచ్చి అంగట్లో గుడ్డలు చింపల్ల.”

అంగడి పేరెత్తితే కార్తికేయకు ముచ్చెమటలు పడతాయి. వాకిట్లో నిలబడ్డ డ్రైవర్ ఓబుళేసుకూ అదే గండం. కారు పోతే అతని ఉద్యోగమూ పోతుంది. మళ్లీ బుక్కరాయసముద్రం పోయి నీళ్ల ట్యాంకరు తోలుకోవాల్సిందే.

ఆ అద్దె లారీ తోలడానికి ఓబుళేసు చేరి ఆరు నెలలైంది. అంతకుముందు ఆ కారు రెండు రేసుల్లో దిగి, రెండిట్లోనూ అందరికన్నా వెనక వచ్చింది. అతను చేరాక ఒకసారి ఆరోది, ఇంకోసారి నాలుగోది.

“ఓబుళేసు పాదం మంచిది,” అని కార్తికేయ తల్లి కన్యకమ్మ తేల్చేసింది. అప్పటి నుంచి పొద్దున్నే అతనికి నాలుగు ముద్దల బొరుగుల ఉగ్గాని పెట్టసాగింది. వరండాలోనే, ఆకులోనే అనుకోండి. జయరామయ్య అయితే బండి తాళం కూడా అతని చేతికివ్వడు, అరుగు మీద పెడతాడు.

ఆ ఉగ్గానికీ కొడుకు అడ్డం పడ్డాడు.

“వానికి ఎక్కువ పెట్టొద్దమ్మా. బరువు పెరుగుతాడు.”

పనివాడి తిండి లెక్కపెట్టే బుద్ధి తండ్రి నుంచే వచ్చిందని వీధిలో అనుకున్నారు.

షోరూములో దివాకర్ అనే సేల్స్‌మన్ దొరికాడు. “లాగేదానికే కదా సార్? పికప్ తీసుకోండి. ఎద్దు మాదిరి లాగుతాది.”

కార్తికేయకు పికప్ నచ్చలేదు. పెద్ద కార్ల వైపు నడిచాడు. ఎంత బరువు లాగుతుందని ఒక్కసారే అడిగాడు. డ్రైవర్ సీటు గురించి మాత్రం పదిసార్లు అడిగాడు. సీటులోంచి చల్లగాలి రావాలి. పూర్తిగా వెనక్కి వాలాలి. పాటలు మెత్తగా వినిపించాలి.

దివాకర్ కరిగిపోయాడు. “డ్రైవర్‌ను ఇంత బాగా చూసుకునే ఓనరును నేను యాడా చూళ్లేదు సార్.”

వెంట వచ్చిన ఓబుళేసు తల గోక్కున్నాడు.

ట్రైలర్ల దగ్గర మాత్రం అతనే నోరు విప్పాడు. “బరువు ఇరుసుకి రవ్వంత ముందరుండల్ల సార్. ఎనకెక్కువైతే తోక ఊపుతాది. ట్రైలర్‌కీ బ్రేకులుండల్ల. నీళ్ల ట్యాంకరు తోలినోన్ని, ఆ మాత్రం తెల్దా?”

కార్తికేయ రాసిచ్చిన బరువులన్నీ కూడుతూ దివాకర్ ఆగాడు. “సార్, తప్పు రాసినారు. ఓబుళేసు అరవై రెండు కిలోలు రేసు కారు కింద కలిపినారు. లాగే బండి కింద కదా రావల్ల?”

కార్తికేయ కాగితం లాక్కున్నాడు. ఆ అంకె గబగబా కొట్టేశాడు. “మనసు యాడో ఉండాది,” అన్నాడు.

చల్లగాలి సీటు కబురు వీధంతా పాకింది. పాపం, ధర్మప్రభువు అన్నారు జనం. జయరామయ్య మాత్రం మండిపడ్డాడు.

“నలభై ఏండ్లు గల్లాపెట్టె కాడ చాప మీద కూచ్చుంటి. నాకు పైనుంచే గాలి లేదు, డ్రైవర్‌కి కిందనుంచి గాలా!”

“దూరం తోలేటోనికి నడుము పట్టుకోకూడదు, నాయనా,” అన్నాడు కార్తికేయ, ముఖం నిండా దయతో.

బండి వచ్చింది. ట్రైలర్ వచ్చింది. రేసు రోజు కూడా వచ్చింది. ఎన్నడూ చూడని తండ్రి ఈసారి తానే చూస్తానన్నాడు. కాకపోతే వర్జ్యం పోయేదాకా గడప దాటలేదు. భార్యాభర్తలు ట్రాక్ చేరేసరికి ఆఖరి రౌండు నడుస్తోంది.

వాళ్ల ఏడో నంబరు కారు నాలుగో స్థానంలో ఉంది. “అయిపాయ, గుజిరీకే,” అన్నాడు జయరామయ్య. అంటూనే కంచె పట్టుకుని ముందుకు వంగాడు. అంతలో ఆఖరి మలుపు దగ్గర ఆ కారు లోపలివైపు నుంచి దూసుకొచ్చి ముందున్నదాన్ని దాటేసింది.

మూడోది!

జానెడు గుడ్డ ఎవరికీ ఎక్కువ కొలవని మనిషి భోరుమని ఏడ్చాడు. కాపలావాణ్ని నెట్టేసి పరుగెత్తాడు. పంచె ఊడిపోతున్నా ఆగలేదు. పొగలు కక్కుతున్న కారులోంచి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి చెమటలో తడిసి ముద్దై దిగాడు. జయరామయ్య అతన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. హెల్మెట్‌ను ముద్దులతో నింపేశాడు.

“నా బంగారుకొండ! అంగడొద్దు, ఏమొద్దు! నీ మాదిరి మగోడు మన వంశంలోనే లేడు కదరా! ఒక్క మాట మాట్లాడు నాయనా!”

హెల్మెట్ లోపలి నుంచి మాట వచ్చింది.

“రవ్వంత ఇడ్సండి సావుకారూ, నేను ఓబుళేసును, చిన్న సావుకారు ఆ బండ్లో గాలి సీటు ఎనక్కి వాల్చుకోని పండుకోనుండాడు.”