అడుగు మట్టి

ఆ పొద్దున ఆకాశం కనిపించలేదు. కొండ మీది మంచు కాఫీ తోటల మీదుగా జారి, ఊట గట్టు దాకా వచ్చి కూర్చుంది.

ఆ మంచులో ఎవరో మోకాళ్ళ మీద వంగి ఉన్నారు.

సుక్రు ఆగాడు. ఊరి మనిషి కాదు. బురదలో ఒక అడుగు పక్కన అట్టముక్క పెట్టి, పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు.

ఆ అడుగు సుక్రు పెళ్ళాం రత్నది. అప్పుడే నీళ్ళ బిందెతో ఇంటికి వెళ్ళింది.

రెండు నెలలుగా రత్న పొద్దున్న మంచం దిగలేకపోతోంది. మడమలో మేకు దిగినట్టు అరుస్తుంది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తేగానీ నడక రాదు. ఆసుపత్రి మాత్రలు మింగింది. కొండదేవతకి కోడిని కోశారు. తగ్గలేదు. తోటలో కాఫీ పళ్ళు కొమ్మ మీదే ఎండిపోతున్నాయి.

ఎవరో చిల్లంగి పెట్టారని ఊరంతా అంటోంది. చిల్లంగి పెట్టేవాడు మనిషి అడుగు మట్టి ఎత్తుకుపోతాడు. మట్టి ఎండేకొద్దీ ఆ కాలు ఎండుతుంది. కొండ మీద అందరికీ తెలిసిన సంగతే.

"ఎవుడ్రా నువ్వు!"

సుక్రు కేకకి పదిమంది వచ్చారు. ముందు రత్న అన్న పోతురాజు. చేతిలో గొడ్డలి.

సంచి దులిపారు. తోలు కోసే కత్తి, దారపు ఉండ, అడ్డాకులో చుట్టిన పిడికెడు మట్టి పడ్డాయి.

"మట్టి! సూసినావా బావా? ఈడే!"

పనసచెట్టుకి కట్టేశారు.

"ఏ ఊరు నీది?" అన్నాడు సుక్రు.

"సాలూరు. సోములంటారు. సెప్పులు కుడతాను."

"సెప్పులు కుట్టీవోడికి మా ఊటకాడ ఏటి పని? ఆ మట్టేటి?"

సోములు చెప్పబోయాడు. పోతురాజు చెప్పనివ్వలేదు.

"ఆడినేటి అడుగుతావు బావా! గడ్డానికి మూడు సుక్కల పచ్చబొట్టు ఉండీది సూడు, ఈశ్వరమ్మ. చిల్లంగి సేసిందని మా అయ్యలు దాన్ని ఇదే సెట్టుకి కట్టి కొట్టినారు. గెడ్డ దాటించి తరిమీసినారు. ముప్పయ్యేళ్ళు ఊరికి ఏ పీడా లేదు. ఈడికీ అదే మందు."

సోములు నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత మట్టి సంగతి ఎవరు అడిగినా పలకలేదు.

ఒక్క మాట మాత్రం అన్నాడు, సుక్రు వైపు చూసి.

"ఆ అడుగులో మడమ ఆనలేదు బావూ. బరువంతా ముందరేళ్ళ మీదే ఉంది. ఆయమ్మకి పొద్దున్న లెగ్గానే మడమ పొడుస్తాది కదా?"

గుంపు వెనక్కి జరిగింది.

"సెప్పకుండా ఈడికెలా తెలిసింది? పెట్టినోడికే తెలుస్తాది!"

పోతురాజు గొడ్డలి ఎత్తాడు.

"వొగ్గీండి!"

రత్న మునివేళ్ళ మీద కుంటుకుంటూ వచ్చి, గొడ్డలికీ చెట్టుకీ మధ్య నిలబడింది.

"నా కాలు కోసం మనిషిని సంపుతారేటి? రేప్పొద్దున్న ఆ నెత్తుట్లో నాను నడవాలా?"

"నువ్వు సెప్పు బావా," అన్నాడు పోతురాజు.

అందరూ సుక్రుని చూశారు.

సుక్రు అడ్డాకు పొట్లం తీసుకుని, గట్టు దిగి, మట్టి అంతా గెడ్డలో దులిపేశాడు.

"పో. మళ్ళీ ఈ కొండ మీద కనిపించకు."

కట్లు విప్పారు. నీళ్ళలో కరిగిపోతున్న మట్టిని సోములు చివరిదాకా చూశాడు. కింద పడ్డ అట్టముక్క ఏరుకుని, తుడుచుకుని, మంచులోకి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు జీపు నడిపే ఫల్గుణ పేపరు పొట్లం ఒకటి తెచ్చాడు.

"సాలూరు బస్టాండు ఎనక సెప్పుల సోములు ఇచ్చినాడు. రత్నకంట."

బూట్ల లోపల వేసుకునే మెత్తటి సోళ్ళు, ఒక జత. మడమ దగ్గర దళసరి. పాదం ఒంపు దగ్గర ఎత్తు. కచ్చితంగా రత్న పాదమంత.

పొట్లంలోనే ఉన్న ఆ అట్టముక్క వెనక పెన్సిలు రాత ఉంది: "పొద్దున్న మంచం మీదే వేళ్ళు వెనక్కి లాగి పట్టుకుని, ఆ తర్వాతే దిగు. వట్టి కాళ్ళతో నడవకు."

"పొయ్యిలో పడీ," అన్నాడు సుక్రు.

"తోటకేసుకునే బూట్లో పడీసినాను," అంది రత్న.

వారం తిరిగేసరికి గోడ వదిలింది. మంచం దిగగానే ఇంకా పొడుస్తూనే ఉంది గానీ, అరుపు లేదు. మూడో వారం నడుముకి బుట్ట కట్టుకుని, సుక్రు కంటే ముందే తోట ఎక్కింది.

ఆ రాత్రి సుక్రే అన్నాడు, సాలూరు వెళ్దామని.

మర్నాడు ఒక కోడిని, సంచెడు సామలని పట్టుకుని ఇద్దరూ సాలూరు దిగారు.

ముందు కొట్టు, వెనక ఒక్క గది. సోములు వాళ్ళని చూసి లేచాడు. ముఖాల వైపు కాదు, రత్న కాళ్ళ వైపు చూశాడు.

"ఆనుతోందా అమ్మా?"

"ఆనుతోందన్నా."

సుక్రు సంచి కింద పెట్టాడు. మూడు గంటల దారిలో కూడబెట్టుకున్న మాటకి బదులు కోడిని సోములు చేతికి అందించాడు.

"లోపలికి రండి. కూకోండి," అన్నాడు సోములు. "ఇయ్యాలకి మా అమ్మ పోయి నెల. వండీసినాను గానీ తినీవోలు లేరు."

మూడు విస్తళ్ళు వేశాడు. అన్నం, ఎండుచేపల పులుసు.

"ఆ పొద్దు మట్టి ఏటికన్నా?" రత్న మెల్లగా అడిగింది.

"పోయీముందు అమ్మ అడిగింది. మీ ఊరి మట్టి గోరీ మీద ఎయ్యమని."

ముగ్గురూ తలలు వంచుకుని తింటున్నారు. నీళ్ళ గ్లాసు కోసం సుక్రు ఒక్కసారి తలెత్తాడు. ఎదురు గోడ మీద దండ వేసిన ఫొటోలో ముసలమ్మ గడ్డానికి మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి.