చెవి దాటిన చెయ్యి

అన్యాయం ఎవరికి జరిగింది? ఒక కుట్టుపని మనిషికి. ఎలా జరిగింది? ఒక్క చెయ్యి లేవక. ఈ రెండు మాటలూ ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే అదే బట్టల ఫ్యాక్టరీలో, అదే భోజనాల హాల్లో, ఈ మధ్యాహ్నం అదే అన్యాయం రెండోసారి జరగబోతోంది. పాత సంగతి గుర్తున్నది హాలు మొత్తంలో తనొక్కదానికేనని, గోడవారగా కూర్చున్న ఇస్త్రీ పెద్దక్క నమ్మకం.

“చివరిసారి అడుగుతున్నాను,” అన్నాడు మేనేజరు. “ఈ ఫిజియో గారు మిషన్ల మీద ఉన్నవాళ్లని గంటగంటకీ లేపి మెడలు తిప్పిస్తున్నారు. స్టూళ్లు తీసేసి వీపు ఆనే కుర్చీలు వెయ్యమంటున్నారు. రేపు ఊయలలు కట్టమంటారు. ఇవాళ్టితో ఆవిడ ఉద్యోగం, ఆ వ్యాయామాల గది, రెండూ బంద్. కాదనేవాళ్లుంటే చెయ్యెత్తండి.”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కదల్లేదు.

వ్యతిరేకంగా ఒక్క చెయ్యి లేచినా, విచారణ లేకుండా ఎవరినీ పనిలోంచి తియ్యకూడదన్నది ఫ్యాక్టరీ నియమం. అయితే చెయ్యి సగం ఎత్తి, మేనేజరు చూపు పడగానే ‘తల గోక్కున్నాను సార్’ అని దించేసేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక ఘనుడైతే రెండు చేతులూ ఎత్తి, రెండుగా లెక్కపెట్టమన్నాడు. అప్పటినుంచి కుడి చెయ్యే ఎత్తాలి, మోచెయ్యి చెవి దాటాలి. దాటితేనే లెక్క.

పెద్దక్క కుడి భుజం బిగుసుకుపోయి ఏడాది దాటింది. జడ వేసుకోవడానికి కూడా కోడలి ముందు కూర్చోవలసిన దశ అది. ఫిజియో ఆ చేతికి గోడ ఎక్కడం నేర్పింది. వేళ్లను సాలీడులా గోడ మీద పాకించి, మోచెయ్యి ఆగిన ఎత్తున సుద్దతో గీత గీసి, “ఇంకొక్క వేలు పెద్దక్కా. ఏడుస్తూనైనా సరే, ఇంకొక్క వేలు,” అనేది. నొప్పి తగ్గించడానికని వచ్చి నొప్పి పెడుతోందని, అందరూ చాటుగా ఆ పిల్లను నొప్పులమ్మ అని పిలిచేవారు. నిన్నటి గీత సరిగ్గా చెవి ఎత్తున ఉంది. దాటలేదు.

“చేతులు ఒళ్లో పెట్టుకో,” పక్కనున్న బొత్తాల వదిన గొణిగింది. “నొప్పులమ్మ చదువుకున్న పిల్ల, ఎక్కడైనా బతుకుతుంది. నీకూ నాకూ ఇంకో గుమ్మం ఉందా?”

“ఆ రోజూ ఇదే అన్నావు.”

“ఏ రోజు?”

పెద్దక్క మేనేజరు వైపు చూసింది. ఇరవై ఏళ్ల కిందట, ఆ రోజు అక్కడ, అప్పటి మేనేజరు పక్కన, కాజాలు కుట్టే చెల్లి నిలబడింది. చేసిన నేరం, వీపు ఆనే కుర్చీ అడగడం. ‘నువ్వొక్కదానివి ఎత్తితే చాలక్కా’ అని పొద్దున్నే చెయ్యి పట్టుకుని అడిగింది. పెద్దక్క మాటిచ్చింది. తీరా సమయం వచ్చేసరికి, నిక్షేపంలాంటి చేతిని ఒళ్లో దాచుకుని కూర్చుంది. కాజాల చెల్లి వంగిన మెడతో గేటు దాటి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు.

ఇప్పుడు అదే చోట ఫిజియో నిలబడి ఉంది. ఎవరి వంకా చూడడం లేదు.

“సరే, అయితే...” మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

పెద్దక్క లేచింది. చెయ్యి ఎత్తింది. భుజం లోపల ఎవరో కత్తెర ఆడించినట్టయింది. మోచెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

మేనేజరు చిన్నగా నవ్వాడు. “ఏం పెద్దక్కా, తల గోక్కుంటున్నావా?”

‘అవును సార్’ అంటే చాలు. కూర్చోవచ్చు. రేపు యథాప్రకారం ఇస్త్రీ బల్ల దగ్గరికి రావచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బొత్తాల వదిన ఆమె మోకాలు గిల్లింది.

పెద్దక్క వెనక్కి తిరిగి గోడకు వేళ్లు ఆనించింది.

“ఏం చేస్తున్నావక్కడ?”

“ఎక్కుతున్నాను సార్. కాస్త ఆగండి.”

చూపుడు వేలు, నడిమి వేలు. మళ్లీ చూపుడు వేలు. ఈ గోడ మీద సుద్దగీతలు లేవు. అయినా నిన్నటి గీత ఎక్కడుందో భుజానికి తెలుసు. అక్కడికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. ‘ఇంకొక్క వేలు’ అని ఎవరూ అనలేదు. తనే అనుకుంది. మోచెయ్యి చెవి దాటింది.

గోడను వదిలి హాలు వైపు తిరిగింది. చెయ్యి నిలిచే ఉంది.

“ఇంత పైన పేలుండవు సార్,” అంది. “లెక్కపెట్టుకోండి.”

మేనేజరు ముఖం మాడిపోయింది. “విచారణ పెడతాం. పనిలో పనిగా నీ సంగతీ చూస్తాం,” అని విసురుగా వెళ్లిపోయాడు. అతని వెనకే, పెద్దక్క వైపు చూడకుండా, ఒక్కొక్కరూ జారుకున్నారు. బొత్తాల వదిన కూడా.

ఎత్తిన చేతిని దించడం పెద్దక్క వల్ల కాలేదు. ఫిజియో వచ్చి, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు, ఆ చేతిని రెండు చేతులతో పట్టి మెల్లగా కిందికి దించింది.

“మీ పని కూడా పోవచ్చు పెద్దక్కా. నా కోసం ఎందుకు చేశారిలా?”

“నీ కోసం కాదమ్మా, అబద్ధమెందుకు? ఈ చెయ్యి ఇంకొకామెకు బాకీ పడింది. ఆలస్యంగా లేచింది. ఆమె ఎక్కడుందో, ఏమైందో. ఇక ఆమెకు చేరదు.”

ఫిజియో ఆ చేతిని వదల్లేదు.

“చేరుతుంది,” అంది. “సాయంత్రం ఇంటికెళ్లగానే చెప్తాను, ‘అమ్మా, పెద్దక్క చెయ్యెత్తింది, బాకీ మొత్తం తీరిపోయింది’ అని.”