వియ్యపురాలి కార్డు

దొంగతనానికి మగ్దలీనమ్మ ఆదివారాన్నే ఎంచుకుంది. కడుపునొప్పి అని మూలుగుతూ పడుకున్న మనిషి, ఇంటిల్లిపాదీ చర్చికి బయలుదేరి వీధి తలుపు పడగానే లేచి కూర్చుంది. వియ్యపురాలు ఎలిశబెతు ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగున తడిమి, కార్డు తీసి రవికలో దోపుకుంది. అరవై రెండేళ్ళ వయసులో ఇదే మొదటి దొంగతనం. భయం వేయాల్సింది పోయి నవ్వొచ్చింది.

అది సర్కారు బీమా కార్డు. ఆమె అల్లుడు సమాధానం కొడవలూరు నుంచి రోజూ నెల్లూరు మిల్లుకు పనికి పోతాడు. ఆ ఏడు మిల్లు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళకు కూడా ఉచిత వైద్యం ఇచ్చారు. భార్యకు ఉంది, పిల్లలకు ఉంది, కన్నతల్లికి ఉంది. అత్తగారికి మాత్రం లేదు. మొగుడు పోయాక కూతురి ఇంట్లోనే ఉంటున్న మగ్దలీనమ్మ సర్కారువారి దృష్టిలో ఎవరూ కాదు.

ఇద్దరు ముసలమ్మలకూ ఒకేసారి కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఎలిశబెతుకు బియ్యంలో రాళ్ళు కనిపించవు. మగ్దలీనమ్మకు బైబిల్లో అక్షరాలు కనిపించవు. నలభై ఏళ్ళుగా ఒక అధ్యాయం చదవనిదే గంజి ముట్టని మనిషి ఆమె. ఆపరేషను చేస్తే చూపు వస్తుందని అందరూ చెబుతున్నారు.

ఫారం నింపే రోజు ఎలిశబెతు తన కొడుకు వెంటపడి తానే మిల్లుదాకా పోయింది. తీరా కార్డు వచ్చాక ఆసుపత్రి గడప తొక్కితే ఒట్టు. ఒకనాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

“వదినా, నువ్వు ఎప్పుడన్నా అబద్ధమాడినావా?”

“పీక మీద కత్తి పెట్టినా ఆడను.”

“చిన్నదొకటి?”

“చిన్నదేంది, పెద్దదేంది. అబద్ధం అబద్ధమే.”

ఎలిశబెతు నిట్టూర్చి కార్డును మళ్ళీ పెట్టెలో దాచేసింది.

మూడు నెలలు గడిచాయి. మగ్దలీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఈవిడ పోదు, ఇంకొకరికి దారి లేదు. ఇక ప్రభువుకు ముందుగానే క్షమాపణ చెప్పుకుని రంగంలోకి దిగింది.

సోమవారం పొద్దున్నే నెల్లూరు బస్సెక్కింది. దారి పొడుగునా ‘నా పేరు ఎలిశబెతు, సమాధానం నా కొడుకు’ అని గొణుక్కుంటూనే ఉంది. పక్కనున్న చేపలామె జడుసుకుని గంపతో సహా వెనక సీటుకు పోయింది.

బీమా ఆసుపత్రిలో గుమాస్తా కామాక్షయ్య కార్డు అందుకున్నాడు.

“పేరు?”

“ఎలిశబెతు.” గొంతు ఖంగున మోగింది. ఆమెకే ముచ్చటేసింది.

అతను కార్డు చూశాడు. ఆమెను చూశాడు.

“సరిగ్గా చెప్పు పెద్దమ్మా.”

“ఎలిశబెతే నాయనా. సమాధానాన్ని కన్నతల్లిని. మూడు దినాలు నొప్పులు పడినా. బిడ్డ రెండు వీశెలు తూగినాడు. పుట్టంగానే నన్ను చూసి నవ్వినాడు.” ఒక అబద్ధం గడప దాటేసరికి తక్కినవన్నీ తోసుకుంటూ వచ్చేశాయి. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్నే అనిపించింది.

కామాక్షయ్య కార్డును బల్ల మీద పడేశాడు.

“ఎవురిదో కార్డు కొట్టుకొచ్చినట్టుండావే. పోలీసోళ్ళను పిలవమంటావా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది. తాను జైలుకు పోతే పోయింది, అల్లుడి ఉద్యోగం కూడా ఊడితే కూతురి గతేమిటి? ఈ కళ్ళు పోతే పోనీ, పిల్లలు చల్లగా ఉంటే చాలనుకుంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“తప్పయిపోయింది నాయనా. నేను ఎలిశబెతును కాదు. నా పేరు మగ్దలీనమ్మ. నన్నేమన్నా చేసుకో, పిల్లోడి జోలికి మాత్రం పోవద్దు.”

కామాక్షయ్య తల కొట్టుకుని, పెన్ను మూత తీశాడు.

“సొంత పేరు చెప్పేదానికి ఇంత రామాయణమా పెద్దమ్మా? ఈ కార్డులో సమాధానం తల్లి అని రాయించుండేది మగ్దలీనమ్మ పేరే.”