పీత తాత హద్దు

ఏ కాలమో ఎవరికీ గుర్తులేదు గాని, సముద్రమూ పొగమంచూ ఇంకా విడివడని ఒక పొద్దున పీత తాత తన ఇసుకదిబ్బ చుట్టూ హద్దుగీత గీసుకుంటున్నాడు. రోజూ గీస్తాడు, రోజూ గాలి చెరిపేస్తుంది.

తీతువు పంతులమ్మ మళ్ళీ వచ్చి అడిగింది. "తాతా, అందరి పిల్లలకీ ఒక బడి, ఆడుకోను కాస్త జాగా. మనకున్న మెరక నీ దిబ్బ ఒక్కటే."

"మా ముత్తాతల నాటిది. బెత్తెడు కూడా వదలను!"

ఆవిడ వేరే చోటు లేక నీళ్ళ అంచునే పాఠం మొదలెట్టింది. మంచులోంచి పిల్లల గొంతులు కలలోలా తేలి వస్తుంటే, తాత గీత వంకర పోయింది.

అంతలో ఒక అల చప్పుడు చెయ్యకుండా వచ్చి, చివర కూర్చున్న ఉడత పిల్లని లాక్కుపోయింది. తాత అడ్డంగా పరుగెత్తి, దాని తోక పట్టి ఒడ్డుకి ఈడ్చాడు. అది వణుకుతూ తాత పొట్ట కింద దూరింది.

కాసేపటికి తాత మళ్ళీ గియ్యబోయాడు.

"ఇంకా గీతేనా తాతా?" అంది పంతులమ్మ.

"గీతే. ముందు మీరంతా దిబ్బెక్కండి. మీ చుట్టూ గీస్తా."

అని, సముద్రం వైపు కళ్ళు నిక్కించి అరిచాడు:

"విన్నావా? బెత్తెడు కూడా వదలను!"