నలభై ఆరు చెట్లు

విమానాశ్రయం కోసమని పగలు సర్వేవాళ్లొచ్చి, ఉద్దానంలో రైతు సింహాచలం జీడితోటలోని చెట్లన్నిటికీ తెల్లరంగుతో నంబర్లు వేసి వెళ్లారు. నలభై ఆరు చెట్లు. తన చేత్తో నాటినవే.

రాత్రి కాపలాకు భార్య సుభద్రతో తోటకొచ్చాడు. ఆమె టార్చి వెలుగు నూతిగట్టు మీద పడింది. అక్కడ నలభై ఏడు.

"నూతికి కూడా ఏసీసినారేటి?" అంటూ ముట్టుకున్నాడు. రంగు వేలికి అంటింది.

పాక తలుపు మీద నలభై ఎనిమిది. సాయంత్రం తాళం వేసినప్పుడు అది లేదు. చెవులు రిక్కించాడు. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడైనా లేదు. ఎక్కడో కుంచె మెల్లగా రాస్తున్న చప్పుడు. అదీ ఆగింది.

వెనకనుంచి సుభద్ర టార్చి వెలుగు అతని వీపు మీద పడింది.

"నీ సొక్కా ఎనకాల నంబరేటి, మావా?"