అత్తగారి ఆపరేటింగ్ సిస్టమ్

కత్తెరమ్మకు గుండె గుభేలుమంది.

మొగుడు ఆఫీసు నుంచి తెచ్చిన ఐదు పుస్తకాలూ మంచం మీద బోర్లా పడి ఉన్నాయి. అన్నీ కంప్యూటర్ పుస్తకాలే. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి, ప్రోగ్రామ్ రాయడం ఎలా అని మొదటిసారి నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి. తెరిచి చూస్తే ప్రతిదాంట్లోనూ ఆయన పెన్సిలు రాతలు. ‘పన్నెండో పేజీ: బుర్ర తిరిగింది.’ ‘ఇరవయ్యో పేజీ: ఇదేం భాషో.’ ‘ఇక నా వల్ల కాదు.’

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. స్కూలు పిల్లలకు యూనిఫాంలు కుట్టే దర్జీ. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును, అందుకని కత్తెరమ్మ. మొగుడు పుస్తకాలు అచ్చువేసే కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఏ పుస్తకం అచ్చుకు తీసుకోవాలో ఎంపిక చేసేది తానేనని పెళ్లయిన కొత్తలో చెప్పాడు. ఆవిడ పుట్టింట్లో పదిమందికీ చెప్పుకుని మురిసిపోయింది. అంతకుమించి ఆయనా చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

“సోమవారం పొద్దున మేనేజర్‌తో మీటింగ్,” అన్నాడాయన ఆ సాయంత్రం. “ఈ ఐదింట్లో కొత్తవాళ్లకి పనికొచ్చేదేదో చెప్పాలి. పోయినేడు నా మాట మీద తేనెటీగల పెంపకం పుస్తకం వేశారు. కొన్నవాళ్లెవరికీ అర్థం కాలేదట. ఈసారీ తేడా వస్తే ఉద్యోగం ఉండదన్నారు.”

“మరి మీకు ఒక్కటీ అర్థం కాలేదు కదండీ.”

“కాలేదు,” అన్నాడు, నిశ్చింతగా టీ ఊదుకుంటూ.

ఆ నిశ్చింతకు ఆవిడకు ఒళ్లు మండింది. ఎంపిక చేయాల్సిన మనిషికే అక్షరం ముక్క ఎక్కకపోతే ఉద్యోగం నిలుస్తుందా? మునిగేది ఈయనొక్కడి కొంపేనా?

కత్తెరమ్మ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే. కుట్టుమిషన్ పక్కన పెట్టి రెండు రోజుల్లో ఐదు పుస్తకాలూ నమిలేసింది. మూడు తలనొప్పి తెప్పించాయి. ఒకటి నిద్ర తెప్పించింది. మిగిలిన పల్చటి పుస్తకం మాత్రం చక్కగా బుర్రకెక్కింది. ముందు కొలత, తర్వాత కత్తిరింపు, ఆ తర్వాత కుట్టు, ఇరవై చొక్కాలకీ అదే వరస. ప్రోగ్రామంటే ఇంతేనా? అయితే ఇన్నేళ్లూ తను రాసింది ప్రోగ్రాములేనన్నమాట. ఆవిడకు పట్టరాని సంతోషం వచ్చింది.

శుక్రవారం మొగుణ్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

“వద్దు, చెప్పకు. నాకు ఎవరూ చెప్పకూడదు. అది ఆఫీసు పద్ధతి.”

“పెళ్లాం చెబితే వినడానికి నామోషీ. ఆ మాట అనండి.”

“నామోషీ కాదే, నా మాట విను.”

“ముందు మీరు వినండి. మీ అమ్మగారింట్లో పొయ్యి ఒకటి, కోడళ్లం ముగ్గురం. ఒకరు పాలు కాచాలి, ఒకరు కూర వండాలి, ఒకరు పిల్లల స్నానానికి నీళ్లు పెట్టాలి. ఎవరి గిన్నె ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో చెప్పేదెవరు?”

“అమ్మ,” అన్నాడు నోరుజారి.

“పొయ్యి ప్రాసెసర్. గిన్నెలు ప్రోగ్రాములు. మా అత్తగారు ఆపరేటింగ్ సిస్టమ్.”

ఆయన లేచి స్నానాలగదిలోకి పారిపోయి గడియ పెట్టుకున్నాడు. ఈవిడ వదిలితేగా. తలుపు బయట నిలబడి లూప్ గురించి అందుకుంది. కూర రుచి చూడు, ఉప్పు చాలకపోతే చిటికెడు వెయ్యి, మళ్లీ రుచి చూడు, సరిపోయేదాకా ఇదే పని. లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

“మరి ఎంత వేసినా సరిపోకపోతే?” అని నెమ్మదిగా వినిపించింది.

“జన్మంతా వేస్తూనే ఉంటారు. దాన్నే అంతులేని లూప్ అంటారు.”

లోపల ఆయన కిసుక్కున నవ్వాడు.

శనివారం ఆయనే వెంటపడ్డాడు. పెద్ద కోడలు గరిటె పట్టుకుని, చిన్న కోడలు మూకుడు పట్టుకుని, ఎదుటిది చేతికొస్తేగానీ తమది వదలమని కూర్చుంటే ఏమవుతుందని అడిగాడు. “డెడ్‌లాక్. మీ ఇంట్లో రోజూ అయ్యేదే,” అందావిడ. ఇద్దరూ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు.

ఆ పల్చటి పుస్తకం దారి చూపాక మిగతావీ తేలికయ్యాయి, ఆదివారానికి ఐదు పుస్తకాల్లోనూ ఆయనకు తెలియని ముక్క లేదు. “కొంప ముంచావు కదే,” అని తల పట్టుకుంటాడు, వెంటనే ఇంకో సందేహం అడుగుతాడు. కొత్త చదువు నెత్తికెక్కితే ఎవరైనా అంతేలే అనుకుందావిడ. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, ఆ పరువుతక్కువ పెన్సిలు రాతలన్నీ రబ్బరుతో శుభ్రంగా తుడిచేసింది.

సోమవారం ఎంత వద్దన్నా వినకుండా తానూ ఆఫీసుకు బయల్దేరింది. మొగుడి ఘనత కళ్లారా చూడాలిగా.

మేనేజర్ పుస్తకాలు తిరగేసి, “ఒక్క గుర్తూ లేదేంటండీ?” అన్నాడు.

“అదీ, మొదటి పుస్తకం పన్నెండో పేజీలో బుర్ర తిరిగి...” అని ఆయన నసిగాడు.

“అబద్ధమండీ. ఆయనకు అన్నీ వచ్చు. కావాలంటే అడగండి,” అంది కత్తెరమ్మ.

మేనేజర్ డెడ్‌లాక్ అంటే ఏమిటని అడిగాడు. అడిగాక ఆయన్ని ఆపడం ఎవరి తరం? గరిటెతో మొదలుపెట్టి మూకుడు దాకా, అమ్మ కేకలతో సహా అభినయించి చెప్పాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. కత్తెరమ్మకు మొగుణ్ని చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

మేనేజర్ కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, ఐదు పుస్తకాలూ పక్కకు జరిపి ఆవిడ వైపు తిరిగాడు.

“ఏ పేజీ దగ్గర ఆయనకు అర్థం కాదో చూసి పుస్తకం ఎంచుకుందామనే కదమ్మా, ఏమీ తెలియని మనిషిని వెతికి మరీ పదకొండేళ్లుగా జీతమిచ్చి పెట్టుకున్నాం.”