గంటకోసారి నాడి

పనసచెట్టు కొట్టేసిన దగ్గర్నుంచి సింహాచలమ్మ మొగుడితో మాట్లాడటం మానేసింది. బిందెలతో నీళ్లు మోసి పెంచుకున్న చెట్టది. కళ్లంలోకి ట్రాక్టరు రావడానికి అడ్డమని, ఆవిడ ఊళ్లో లేనప్పుడు చూసి సోమేశ్వరరావు కొట్టించేశాడు. ఆవిడ వచ్చింది, మొద్దు చూసింది, నోరు కట్టేసుకుంది. కంచం పెట్టి గోడ వైపు తిరిగి, "అన్నం ఎట్టీసినాను," అనేది. గోడకి ఆకలెయ్యదు కాబట్టి ఈయన తినేవాడు.

ఈయన మాత్రం తక్కువ తిన్నాడా? తప్పయిందన్న ముక్క చచ్చినా నోటెంట రాదు.

అలా ఏడాది గడిచాక, జీడితోటలో కొమ్మలు నరుకుతుంటే సోమేశ్వరరావు కత్తి జారింది. నెత్తురు చిమ్మింది. పక్క తోటవాళ్లు తువ్వాలుతో గట్టిగా బిగించి, ఆటోలో టెక్కలికి, అక్కణ్నుంచి విశాఖలో ఓ పెద్దాసుపత్రికి పరుగెత్తించారు. రక్తనాళం తెగిందన్నారు. ఒంట్లోనే ఇంకోచోట నుంచి సిర తీసి అతికారు. ఇంకాస్త ఆలస్యమైతే కోసి తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరు అన్నాక సింహాచలమ్మకి ఏడుపు ఆగలేదు.

ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది. మళ్లీ చూపించుకోడానికి వచ్చేదాకా గంటకోసారి నాడి చూడాలి. చల్లబడినా, నాడి అందకపోయినా వెంటనే తీసుకురావాలి. ఎలా చూడాలో వేలు పెట్టి మరీ చూపించింది. సోమేశ్వరరావు శ్రద్ధగా చూశాడు. సింహాచలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

ఇంటికొచ్చాక ఆవిడ మంచం పట్టెమీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది. సోమేశ్వరరావుకి ఒళ్లు ఝల్లుమంది. ఏడాది తర్వాత పెళ్లాం చెయ్యి తగిలింది మరి. ఏదో అనబోయి మానేశాడు.

"ఆడతంది," అని గోడకి చెప్పి ఆవిడ లేచిపోయింది.

మర్నాడు గోడకి కాక ఆయనకే చెప్పింది. వారం తిరిగేసరికి మణికట్టు పట్టుకుని కబుర్లు మొదలు. జీడిపిక్కల ధర, తమ్ముడి కూతురి పెళ్లిచూపులు, చివరికి పనసచెట్టు.

"ఒక్క మాటయినా సెప్పకుండా కొట్టీసినావు," అంది ఓ రోజు, నాడి మీద వేలు తియ్యకుండానే.

"తప్పయిపోనాది," అన్నాడు సోమేశ్వరరావు. ఆ ముక్క అనడానికి ఏడాది పట్టింది మహానుభావుడికి.

ఆపైన ఈయనగారి వైభోగం చూడాలి. గంట కాకముందే చెయ్యి చాపి, గడియారం వంక చూస్తూ పడుకునేవాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే దుప్పటి కింద తడుముకుని తనే ఇంకోసారి చూసుకునేవాడు. ప్రాణం మీద తీపి ఎక్కడికి పోతుంది?

పలాసలో నర్సింగు చదివే పక్కింటి వనజ ఓ రోజు పలకరించడానికొచ్చింది. "ఇదేటి పెద్దమ్మా, ఇలగ సూత్తన్నావు?" అందో లేదో, సోమేశ్వరరావుకి ఎక్కడలేని దగ్గూ వచ్చిపడింది. పెద్దమ్మ మంచినీళ్లకి లేవగానే ఆ పిల్ల చెవిలో ఏదో ఊదాడు. వనజ చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుకుంటూ పోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు దగ్గరపడేకొద్దీ ఆయనకి బెంగ పట్టుకుంది. అంతా బాగయిపోయింది, ఇక చాలు అంటే రేపట్నుంచి నాడి పట్టుకునేదెవరు? దారిపొడుగునా ఆవిడ వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

గంటగంటకీ నాడి చూశారా అని డాక్టరు అడిగాడు.

"ఒక్క గంటా తప్పనేదు బాబూ," అంది సింహాచలమ్మ గర్వంగా.

ఏదీ, ఎలా చూశారో చూపించమన్నాడు. ఆవిడ మొగుడి మణికట్టు పట్టుకుని, వేలు ఆనించి, కళ్లు మూసుకుంది. "ఆడతంది," అంది.

డాక్టరు ఏదో చెప్పబోయాడు. సోమేశ్వరరావు రెండో చెయ్యి నుదుటికి ఆనించి, వద్దని మొహమంతా వేడుకోలు చేసుకుని దణ్ణం పెట్టాడు. డాక్టరు ఆయన మొహం వంకా, ఆవిడ వేళ్ల వంకా చూశాడు.

"చాలా బాగా చూశారమ్మా, ఇంకో ఆర్నెల్లు ఇలాగే చూడండి," అని, ఆవిడ కళ్లు తెరిచేలోపు గబుక్కున వంగి, తాను ఆపరేషను చేసిన కాలి పాదం మీద వేలు పెట్టి నాడి చూసుకున్నాడు.